వసకొమ్ము చేదు

మొన్న ధర్మవరం అంగట్లో వసకొమ్ము వాసన తగిలింది. ఆ ఘాటుకు నేనిప్పటికీ అక్కడ నిలబడలేను.

మూడేళ్లు నిండినా మా చెల్లెలికి మాట రాలేదు. అవ్వ రోజూ సానమీద వస అరగదీసి, తేనెలో కలిపి దాని నాలుకకు రాసేది. మాటలన్నీ ఆ కొమ్ములోనే ఉంటాయనుకుని నేను దాని నోట్లోకే చూస్తూ కూర్చునేవాణ్ణి.

"ఇంగా ఎన్నాళ్లత్తా?" అని అమ్మ ఒకరోజు ఏడ్చింది.

"వస్తాయిలేమ్మే. బంగారు బిడ్డ ఇది! వాళ్ల నాయన మగ్గం ఎంత దడదడలాడించినా కన్ను తెరవదు సూడు" అని అవ్వ మురిసిపోయింది. అమ్మ కూడా కళ్లు తుడుచుకుని నవ్వింది.

పాపకు చెవులు వినపడవని బడిలో చేర్చబోయినప్పుడు గానీ తెలియలేదు. అన్నేళ్లూ దాని నాలుక మండించినాము. రుజువేమో రోజూ మా కళ్లముందే, మగ్గం పక్కన హాయిగా నిద్రపోయేది.