చిరుగు చోటు మారింది

బౌలర్ పరుగు మొదలుపెట్టగానే స్టంప్స్ వెనక ఆమె వంగి, రెండు గ్లవ్స్ వేళ్ల కొసలనూ నేలకు ఆనిస్తుంది. బంతి నేలను తాకి లేచేదాకా తాను లేవదు. పదిహేడేళ్లుగా ప్రతి బంతికీ ఇంతే. రోజంతా ఆట ఉంటే అయిదు వందల సార్లకు పైగా.

వికెట్ కీపర్ పని బాగా చేస్తే ఎవరికీ కనిపించదు. ఆమె దేశపు జట్టుకు పదకొండేళ్లుగా ఆడుతోంది. పేపర్లో ఫొటో రెండుసార్లు పడింది. రెండుసార్లూ వీపే.

కుడిచేతి ఉంగరపు వేలు మూడుసార్లు విరిగింది. ఎడమ చిటికెన వేలు తిన్నగా సాగదు. దర్జీ పని చేసే తల్లి ఆ చేతులు చూసి, "అల్లం కొమ్ములు నయం" అంటుంది.

గ్లవ్స్ లోపల వేసుకునే పలుచటి నూలు తొడుగులు తల్లే కుడుతుంది. దుకాణంలో దొరికేవి ఆ వేళ్లకు పట్టవు. వేలు విరిగిన ప్రతిసారీ కొలత మళ్లీ తీసి, గోడకు తగిలించిన అట్టముక్క మీద గీత దిద్దుతుంది. సీజన్‌కు ఎనిమిది జతలు. అవి ఎప్పుడూ ఒకేచోట చిరిగేవి: మధ్యవేలూ ఉంగరపు వేలూ అరచేతిని కలిసే చోట. బంతి పడవలసిన చోటు అదే.

ఈ ఏడాది సీజన్ సగంలో తల్లి కొత్త జతలు చేతికిచ్చింది.

"వేళ్ల కొసలు ఊరికే చివికిపోతున్నాయే. గుడ్డ నాసిరకం అంటగట్టాడు. అందుకే అక్కడ రెండు పొరలు వేశా."

"పాతవి ఉన్నాయా అమ్మా?"

"ఎందుకు, శాలువా కప్పుతావా?"

కూతురు వాటిని కత్తిరింపుల బల్ల మీద పరిచింది. అరచేతి దగ్గర గుడ్డ కొత్తదిలా ఉంది. కొసలు జల్లెడలయ్యాయి. గుడ్డ నాసిరకమైతే అంతటా చిరగాలి. బల్ల మీది సుద్దబిళ్ల తీసి జేబులో వేసుకుంది.

"అది నాది. అడిగి తీసుకోవచ్చుగా."

"అడిగితే ఎందుకంటావు."

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక, నత్త అని అందరూ పిలిచే స్పిన్ బౌలర్‌ను ఆపింది. పన్నెండేళ్ల స్నేహం. బంతికి సుద్ద రాసి ఇచ్చి, ఇరవై నాలుగు బంతులు వెయ్యమంది.

"పౌడర్ పూస్తున్నావేంటే, దీన్నెక్కడికైనా తీసుకెళ్తున్నావా?"

"వెయ్యవే బాబూ."

స్టంప్స్ వెనకే నిలబడి అన్నీ పట్టింది. పట్టిన ప్రతిసారీ గ్లవ్ మీద తెల్ల మచ్చ చూసి, తుడిచి, మళ్లీ వంగింది. అయిదు మచ్చలు అరచేతిలో. పంతొమ్మిది వేళ్ల కొసల మీద. పదో బంతి దాటాక నత్త జోకులు మానేసింది.

చెయ్యి వెంట్రుకవాసి ఆలస్యంగా చేరుతోంది. ఆ లోటును వేళ్లు కాస్తున్నాయి. మధ్యాహ్నం వెళ్లి చూపించుకుంటే కళ్ల డాక్టర్ చూపులో లోపమేమీ లేదన్నాడు. చీటీ మీద వయసు ముప్పై నాలుగు అని మాత్రం రాశాడు.

ప్రపంచ కప్ జట్టును ఎంచడానికి వారం ఉంది. ఆమెకు రాని కప్పు అదొక్కటే. ఆ సాయంత్రం సుద్ద మరకల గ్లవ్స్ తీసుకెళ్లి కోచ్ బల్ల మీద పెట్టింది, లెక్క చెప్పి, ఇక కీపింగ్ రెండో కీపర్‌కు ఇవ్వమంది.

కోచ్ గ్లవ్స్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ సీజన్లో ఎన్ని వదిలావు?"

"ఒక్కటీ లేదు సార్."

"మరి? ఎవరికి తెలిసిందని?"

"మా అమ్మకి తెలిసింది. ఆవిడ మ్యాచ్ కూడా చూడదు. ఒకటి వదిలాక చెప్తే ఏం లాభం సార్? అది ఫైనల్లో అయితే?"

"గ్లవ్స్ ఇచ్చేస్తే నీ చోటుకి నేను పూచీ పడలేను. నీలా బ్యాటింగ్ చేసేవాళ్లు ఇంకో ముగ్గురున్నారు. వాళ్లు ఫీల్డింగ్ కూడా చేస్తారు. నువ్వు గ్లవ్స్ లేకుండా ఎప్పుడన్నా మైదానంలో నిలబడ్డావా తల్లీ?"

"లేదు."

"ఇంకోసారి ఆలోచించుకో."

"ఆలోచించే సుద్ద తెచ్చాను సార్."

అతను గ్లవ్స్ బల్ల మీద పెట్టాడు. తర్వాత రెండో కీపర్‌ను పిలిపించాడు. ఆమెకు ఇరవై రెండేళ్లు. రెండేళ్లుగా అందరికీ నీళ్లందిస్తూ బెంచీ మీదే ఉంది. సంగతి విని ఆ పిల్ల తలుపు దగ్గరే ఆగిపోయింది.

"నాకోసం ఎందుకక్కా ఇలా?"

"నీకోసమని ఎవరన్నారే? జట్టు కోసం. నువ్వు సరిగ్గా పట్టకపోతే నీ చేతుల్లోంచి లాక్కుంటా." మళ్లీ తనే అంది: "నత్త వేసే మూడో రకం బంతి ఎడమకు తిరుగుతుంది. అది చెయ్యి చూస్తే తెలీదు, భుజం చూడు. నాకు నాలుగేళ్లు పట్టింది తెలుసుకోడానికి."

ఇంటికెళ్లి తల్లికి చెప్పింది. తల్లి మిషను ఆపింది.

"పోనీ, ఆ రెండు పొరలు విప్పేస్తే?"

"పొరల వల్ల కాదమ్మా."

"తెలుసు," అంది తల్లి. చక్రం మళ్లీ తిప్పింది.

మర్నాడు ఉదయం ఆమె అందరికన్నా ముందు మైదానానికి వెళ్లి, కీపర్ పక్కన ఫీల్డర్ నిలబడే స్లిప్‌లో వట్టి చేతులతో నిలబడింది. కోచ్ బ్యాట్ అంచుతో ఆమె వైపు బంతులు కొట్టసాగాడు. మొదటిది మణికట్టుకు తగిలింది. తర్వాతి ఆరూ జారిపోయాయి. ఎనిమిదోది అరచేతుల్లో ఆగింది. దాన్ని వెనక్కి విసిరి, మోకాళ్లు వంచి, ఇంకోటి కొట్టమంది.