కారెనుక పండుకునే జాగ

మా ఆయనకు గుండెనొప్పి వచ్చిన దినం నుంచి నేను ఏ బండిని చూసినా ముందుగాల దాని ఎనుక భాగమే చూస్త. రంగు చూడ, ధర అడుగ. దాంట్ల ఒక మనిషి కాళ్ళు సాపుకొని పండుకోవచ్చునా, రాదా, నాకు గదే కావాలె. మా చెల్లె నవ్వుతది. "అక్కా, నువ్వు కార్లు చూస్తలేవు, మంచాలు చూస్తున్నవ్" అంటది. నవ్వనీ, దానికేం ఎరుక.

చెన్నూరుల పెండ్లికి పోయినం ఆ రోజు. బంతిల కూసొని తింటున్న మనిషి తింటున్నట్టే చెయ్యి ఆపి, "నాకెట్లనో అయితున్నదే" అన్నడు. అంగీ అంత చెమటతోని తడిసింది. మాకప్పుడు చిన్న కారు. ఆయనేమో ఆరడుగుల మనిషి. ఎనుక సీటుల పండుకోపెడితే తల నా ఒళ్ళె ఉన్నది, కాళ్ళు తలుపు బయటికి ఉన్నయి. తలుపెట్ల పడ్తది? ఎవరో చుట్టపాయన ఆయన మోకాళ్ళు వంచి, లోపటికి నూకి, తలుపేసిండు. గట్ల వంచినప్పుడు ఆయన మూలిగిన మూలుగు నా చెవులకెళ్ళి ఇప్పటికీ పోలే. మంచిర్యాల దాకా గుంత వచ్చిన ప్రతిసారి ఆయన తల నా ఒళ్ళె ఎగిరింది. బొగ్గులారీ అడ్డం వచ్చిన ప్రతిసారి నేను ఏ దేవునికి మొక్కుతున్ననో నాకే తెల్వది. మంచిర్యాలల చూసి, అంబులెన్సుల కరీంనగర్‌కు పంపిండ్రు. స్టెంటు వేసిండ్రు. మనిషి దక్కిండు.

డాక్టరేమో "ఇగ ఏం ఫికర్ లేదమ్మా, మంచిగ తిరుగనీ" అన్నడు. ఆయన మంచిగనే తిరుగుతుండు. మావి టిప్పర్లున్నయి, ఆ పని మీద వారానికొకసారి ఆదిలాబాద్ గూడ పోతడు. నడుమ అడవి. ఫోన్ సిగ్నలుండని జాగలు ఎన్నో. ఒక్కడు పోతనంటే నేనెట్ల పోనిస్త? పక్క సీట్ల నేనుంట. ఆయన పాటలు వినుకుంట తొవ్వ చూస్తడు, నేను ఆయన ఛాతీ చూస్త, ఎగుస్తున్నదా దిగుతున్నదా అని. ఆయన జర దగ్గితే చాలు, బండి ఆపుమంట. పగటిపూట తిని కునుకు తీసినా ముక్కు కాడ వేలు పెట్టి చూస్త. ఒకసారి కండ్లు తెరిచిండు. "ఉన్ననే, ఇంక పోలే" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని నాకు ఏడుపొచ్చింది.

గసొంటి మనిషి ఒకనాడు, "ఇగ మంచి కారు కొంటనే, పెద్దది. బతికినన్ని దినాలు దర్జాగ తిరుగుత" అన్నడు. హైదరాబాద్ నుంచి కంపెనీవాళ్ళు కరీంనగర్‌ల ఒక హోటల్ ముందట షామియానా వేసి కార్లు పెట్టిండ్రంటే పోయినం. ఒకే కంపెనీవి, రెండు తీర్లు. ఒకటి నిటారుగ, ఎనుక చక్కగ కోసినట్టున్నది, పెద్ద సందూకు పెట్టె లెక్క. రెండోది నల్లది. ముంగట నుంచి చూస్తే పులి, ఎనుకకు పోతే దాని కప్పు జారుడుబండ తీరు కిందికి దిగింది. మా ఆయన ఆ నల్లదాన్ని చూసిన చూపున్నదే, పెండ్లిచూపులకు వచ్చిన దినం నన్ను గూడ గట్ల చూడలే. చుట్టు తిరిగిండు. చెయ్యి పెట్టి నిమిరిండు. గుండె నొప్పి తర్వాత ఆ మొకంల గసొంటి వెలుగు నేను చూసుడు అదే మొదలు.

నేను ఊకుంటనా? మా పాత కార్ల నుంచి బొంత తెచ్చిన.

"గిదెందుకే?" అన్నడు.

"కొలత చూడనీకి."

"ఓ నీ అక్క, పరువు తీస్తవానే! మంది చూస్తుండ్రు!"

"చూడనీయుండ్రి. వాళ్ళు కొనిస్తరా మనకు?"

కోటేసుకున్న సేల్స్ ఆయన, నా అంత వయసుంటడు, ఏమనాల్నో తెల్వక చేతులు నలుపుకుంట నిలవడ్డడు. సీట్లు ముందుకు మలువుమన్న. మలిచిండు. బొంత పరిచి, చీర కొంగు సర్దుకొని, నల్లకార్ల ఎక్కి పండుకున్న. మోకాళ్ళు కటకటమన్నయి. ఎనుక తలుపు దించమన్న. అది దిగుకుంట దిగుకుంట వచ్చి, అద్దం నా పాదాల మీదికే వచ్చింది. నాకే గిట్లుంటే ఆరడుగుల మనిషికి మళ్ళ మోకాళ్ళు మడవాల్సిందే కదా. ఆ మూలుగు మళ్ళ వినవడ్డట్టయింది. "తీయుండ్రి, జల్ది తలుపు తీయుండ్రి" అని ఒర్రిన.

"పైన పటారం, లోన లొటారం. ఇది వద్దే వద్దు" అన్న కిందికి దిగి.

సేల్స్ ఆయన మెల్లగ, "అమ్మా, ఇది స్టైల్ కోసం తీసుకునే బండి. పేషెంట్లను వేసుకపోయేతందుకు చేసింది కాదు" అన్నడు. తప్పు మాటేం కాదు. కని పేషెంటు అనంగనే మా ఆయన మొకంల వెలుగు ఆరిపోయింది. నా రెక్క పట్టుకొని పక్కకు తీస్కపోయిండు.

"నువ్వు నాకు కారు కొంటలేవే. పాడె కొంటున్నవ్."

"శుభమా అని బండి కొననొస్తే అవేం మాటలు! నోట్లె మంచి మాటే రాదా మీకు?"

"మరి నువ్వు చేస్తున్నదేంది? పొద్దుగాల లేస్తే ముక్కు కాడ వేలు, తినేటప్పుడు కండ్లు నా మీదనే. నేను బతికే ఉన్ననని నాకన్న అనిపియ్యనియ్యవే."

నిజమే అన్నడు. కని ఈ భయం, ఈ బుగులు నా చేతిల ఉన్నదా? పో అంటే పోతదా? నేను మొండికేసిన. ఆ సందూకు లెక్కున్న కారే చూద్దామన్న. ఆయనకు ఇష్టం లేకపాయె, అయినా తాళంచెవి అందుకున్నడు. ఊరవతల డ్యాం మీది తొవ్వకు పోదామనుకున్నం.

ఆడ ఇంకొక లొల్లి పెట్టిన. నేను సీట్ల కూసోను, ఎనుక బొంత మీద పండుకొనే వస్త అన్న. గుంతలు ఎంత తాకుతయో నాకు తెల్వాలె కదా. సేల్స్ ఆయన "అమ్మా, బెల్టు లేకుండ గట్ల పోరాదమ్మా" అని బతిమిలాడిండు. మా ఆయన, "సార్, ఆమె వినదు. నేను నడిచినంత మెల్లగ పోత" అన్నడు. ఆయన స్టీరింగు కాడ, సేల్స్ ఆయన పక్కన. నేను తల వాళ్ళ సీట్ల దిక్కు పెట్టి, కాళ్ళు ఎనుక తలుపు దిక్కు సాపి పండుకున్న. కాళ్ళ కాడ ఇంక జాగ మిగిలింది. గుంత వస్తే ఉయ్యాల ఊగినట్టే ఉన్నది. ఇదే, ఇదే కొనాలె అనుకున్న. ఎన్నో దినాలకు కొంచెం నిమ్మలమైంది.

కొంతదూరం పోయినంక బండి ఆగింది. సేల్స్ ఆయనకు ఫోనొచ్చిందట, దిగి మాట్లాడుత అన్నడు. ఆయన దిగినట్టు మాటలను బట్టి తెల్సింది గని తలుపు సప్పుడే వినవడలే. ఆ తలుపులు దూది తీరు పడ్తయని పొద్దటి నుంచి పొగుడుతనే ఉన్నడాయె. బండి మళ్ళ కదుల్తది కావచ్చునని చూసిన. కదల్లే.

"ఏమైంది?" అన్న.

జవాబు లేదు.

"ఇగో, వింటున్నరా? ఇంకెంతసేపు?"

ఏసీ గాలి తప్ప ఏం లేదు. తల ఎత్తి చూస్తే సీటు ఎనుక భాగమే కనవడుతున్నది, ఆయన తల కనవడ్తలేదు. అయిపోయింది, స్టీరింగు మీద ఒరిగిండు, నేను లొల్లి పెట్టుకుంట గుండె మీదికి తెచ్చిన అనుకున్న. లెవ్వబోతే మోకాళ్ళు మొరాయించినయి. చీర కాళ్ళకు చుట్టుకున్నది. "ఓ దేవుడా, ఓ దేవుడా" అనుకుంట బోర్ల తిరిగి, మోచేతుల మీద ఆయన సీటు దిక్కు పాక్కుంట పోతున్న. చేత్తోని సీటు పక్కకెళ్ళి తడిమిన. మనిషి లేడు.

గప్పుడే నా ఎనుక టింగు టింగు అన్నది. పెద్ద తలుపు మెల్లగ పైకి లేచింది, ఎండ లోపటికి పడ్డది. తిరిగి చూస్తే ఆయనే, నిలవడి ఉన్నడు.

నేను తిట్టేంతల్నే, "జర జరుగు" అన్నడు.

చెప్పులు విడిచి, వంగి లోపటికి వచ్చి, నా పక్కకు బొంత మీద పండుకున్నడు. కాళ్ళు సాపిండు. ఇంకా బెత్తెడు జాగ మిగిలింది. రెండు చేతులు ఛాతీ మీద పెట్టుకొని కండ్లు మూసిండు.

"సరిపోయిన చూడు" అన్నడు. "అన్ని తీర్ల సరిపోయిన. ఇగ నిమ్మలమా నీకు? ఇదే తీసుకుందాం, లొల్లి పెట్టకు."

అప్పుడు చూసిన. నేను ఇన్ని దినాలు కొలుచుకుంట వచ్చిన జాగల మా ఆయన ఎల్లెలుకల పండుకొని ఉన్నడు. కాళ్ళు చక్కగ, చేతులు ఛాతీ మీద, కండ్లు మూసి, మొకం మీద ఎండ. చెన్నూరు తొవ్వల గూడ నాకు గంత భయం కాలే. అప్పుడు కనీసం మూలుగన్న ఉండె. ఇప్పుడు సప్పుడు లేదు. అరే, నేను దీన్నేనా ఇన్ని దినాలు దేవులాడింది? ఇదేనా నేను కొననొచ్చింది?

"లెవ్వుండ్రి" అన్న.

ఆయన కదల్లే. ఆట అనుకున్నడు.

"లెవ్వు! లెవ్వయ్యా నువ్వు, లెవ్వు!" రెండు చేతులతోని అంగీ పట్టి గుంజిన. నా జన్మల ఆయనను నువ్వు అనలే. గుండీ ఊడి ఏడనో పడ్డది. ఆయన బెదిరి లేచి కూసున్నడు, తల కప్పుకు తాకింది. "ఏమైందే, ఏమైంది?" అన్నడు. నేను వణుకుతున్న. ఆయన నా చేతులు పట్టుకుంటే ఆయన చేతులు గూడ వణికినయి. గా వణుకే నాకు జర ధైర్యమిచ్చింది.

"ఇది వద్దు. పా, పోయి ఆ నల్లది తీసుకుందాం."

"పిచ్చి పట్టిందా నీకు? అండ్ల నేను పండుకోరాదని నువ్వే కదా గంత లొల్లి చేసినవ్."

"అవు" అన్న. "అండ్ల నీకు పండుకునే జాగ లేదు. కూసొని నడుపుడే."

ఆయన దిగి, చెప్పులేసుకొని, నాకు చెయ్యిచ్చి దింపిండు. పోయి స్టీరింగు కాడ కూసున్నడు.