విమానానికి జడ

మా వదిన దర్జీ. అన్నయ్య నడిపే తొమ్మిది సీట్ల విమానానికి బయటివైపు వేగం కొలిచే గొట్టం ఒకటి ఉంటుంది. అందులో పురుగు చేరకుండా ఎర్రగుడ్డతో తొడుగు కుట్టింది. ఎగిరే ముందు తీయడం మరిచిపోకుండా దానికి పొడవాటి తోక కూడా పెట్టింది.

"చూశావురా, విమానానికి కూడా జడేసింది మీ వదిన!" అని అన్నయ్య నవ్వేవాడు.

విమానం యజమానికి ఆ జడ నచ్చలేదు. చూసేవాళ్లకు రిపేరు బండిలా ఉందని, అన్నయ్య ఎంత గొడవపడ్డా వినకుండా తీయించేశాడు. ఒక కందిరీగ ఆ గొట్టంలో మట్టిగూడు కట్టింది. గాల్లోకి లేచాక మీటరు వేగాన్ని తప్పుగా చూపించింది. విమానం కూలింది. అన్నయ్యతో సహా ఎవరూ మిగలలేదు.

యజమాని పరామర్శకు వచ్చాడు.

"పురుగు చేసిన పనికి ఎవరినేమంటామమ్మా? విచారణలో మీరూ అదే చెప్పండి."

వదిన కుట్టుమిషను ఆపలేదు.

"పురుగు దాని ఇల్లు అది కట్టుకుందండీ. తలుపు తీసి పెట్టింది మీరు. నేను చెప్పేది అదే."

"మనిషే లేనప్పుడు ఈ పంతం దేనికమ్మా?"

"లేడు కాబట్టే."

దారం కొరికి, కుడుతున్న కొత్త తొడుగు అతని చేతిలో పెట్టింది. ఈసారి తోక మూరెడు ఎక్కువ పొడవుంది.

"మీ రెండో విమానానికి కట్టించండి. రేపొచ్చి చూస్తాను."

మర్నాడు నేనూ వెంట వెళ్లాను. ఎర్రజడ గాలికి ఎగురుతోంది. ముడి గట్టిగా ఉందో లేదో వదిన లాగి చూసింది.