అమాస తెల్లారి ఫోను

మా ఓనరమ్మకు నా కొలువు సంగతి ఇప్పటికీ ఎక్కలే. షాద్‌నగర్ల కిరాయికి దిగిన కొత్తల "ఏం పని చేస్తవు బిడ్డా?" అని అడిగింది. డేటా వేర్‌హౌస్ అంటే ఏం సమజైతదని, "గోదాము కడ్తనమ్మా" అన్న.

"బియ్యం గోదామా, సిమెంటు గోదామా?"

"రెండు గాదు. లెక్కల గోదాము."

ఆమె తెల్లారెవరకు నేను సివిల్ సప్లైల పెద్ద మేడమునని వాడకట్టంత చెప్పేసింది. ఇగ చూడున్రి, ఎవలో ఒకలు రేషన్ కార్డు పట్టుకోని తలుపు కొట్టుడే. మొదట్ల మస్తు కోపమొచ్చేది. పోను పోను, తలుపు కొట్టేటోళ్లన్న ఉన్నరు గద, రానియ్యి అనిపించింది. నాతోని పని కాదని తెలిసినంక వాళ్లు సుత వచ్చుడు బందు పెట్టిన్రు.

నిజానికి నాది గోదాము పనే. ఒక చీరల కంపెనీ. నారాయణపేటల మగ్గాల మీద నేపిచ్చి, పట్నంల దుకాణాలల్ల అమ్ముతది. దుకాణాల బిల్లులు ఒక దగ్గర, నూలు స్టోరు లెక్కలు ఇంకో దగ్గర. ఏ మగ్గం మీద ఎంత నేసిన్రో, ఆ లెక్క నేసేటోళ్లు పొద్దుగూకినంక ఫోన్ల ఒత్తి పంపుతరు. వీటికి ఒకదాని ముచ్చట ఒకదానికి తెల్వదు. అన్నిటిని ఒక్క జాగకు తెచ్చి, మురికి తీసి, వరుసగ పేర్చి, పెద్దసార్లు పొద్దుగాల చాయ్ తాగే యాళ్లకు తెర మీద బొమ్మ గీసి చూపియ్యాలె. ఏ చీర పోతాంది, ఏది మూలకు పడ్డది, ఏ మగ్గం నడుస్తాంది. నడిస్తే పచ్చ చుక్క, ఆగితే ఎర్ర చుక్క. నా చదువంత ఆ చుక్కలకే సరిపోయింది.

ఆఫీసుల నాది మూల గది. నాతోని కలిసి పనిచేసేటోళ్లు తలా ఓ ఊర్ల ఉంటరు, నాకు వాళ్లు తెర మీద పేర్లే. అడిగేది రాసే అడుగుతరు, నేను రాసే చెప్త. ఒక్కో రోజు ఇంటికి పోంగ కూరగాయలామెతోని "కొత్తిమీర వెయ్యవా?" అన్నదే ఆ రోజు నా నోట్లెకెళ్లి వచ్చిన మొదటి మాట. బాపు, అమ్మ ఇద్దరు పోయిన్రు. అన్న భివండిల మరమగ్గాల కాడనే సంసారం పెట్టుకున్నడు. నేను పెండ్లి చేసుకోలే. ఎందుకు చేసుకోలే అని మీరు అడగకున్రి, అడిగి అడిగి మా చుట్టాలే అలిసిపోయిన్రు.

ఇసొంటి గోదాములల్ల మొట్టమొదలు తారీఖుల పట్టిక పెడ్తరు. ఏ రోజు ఆదివారం, ఏ రోజు సెలవు, ఏ రోజు పని దినం, అన్ని అండ్ల రాసి ఉంటయి. మిగిలిన లెక్కలన్ని దాన్ని పట్టుకోనే నడుస్తయి. పట్టిక నేనే పెట్టిన. దసరా పెట్టిన, రంజాన్ పెట్టిన, క్రిస్మస్ పెట్టిన, బోనాలు సుత పెట్టిన. తెర మొదలైన నెలల్నే ఒకనాడు పొద్దుగాల చూస్తే నారాయణపేట మగ్గాలన్ని ఎర్రగ ఉన్నయి. ఒక్క పచ్చ చుక్క లేదు.

పెద్దసారు మన దిక్కు మనిషి కాదు. "సమ్మె చేసిన్రా? నాకెవరు చెప్పలేదేంది?" అని ఎగిరిండు. లెక్కలు తెచ్చే తొవ్వల ఏదో తెగిందని నేను పగటీలి బువ్వ యాళ్లదాక ప్రోగ్రాములన్ని తిరగేసిన. ఎక్కడ తెగలే. తల పట్టుకోని క్యాంటీన్ల చాయ్ తాగుతుంటే గోడకున్న క్యాలెండర్ల నల్లటి సున్న కనవడ్డది. నిన్న అమాస!

ఓర్నీ, చంకల పిల్లను పెట్టుకోని ఊరంత దేవులాడిన! నేను నల్లగొండ దిక్కు సాలోళ్ల బిడ్డను. అమాస నాడు మగ్గం ముట్టరని నాకు ఎవలన్న చెప్పాల్నా? అమాస అంటే మా బాపు మగ్గం మీద గుడ్డ కప్పి, తలకు పోసుకోని, మాతోని కూసుండి తినేటోడు. నెలకు ఆ ఒక్కనాడే మా ఇంట్ల మగ్గం సప్పుడు ఉండకపోయేది, మనుషుల సప్పుడు ఉండేది. పొద్దు పొడుస్తదని ఎవలన్న రాసి పెట్టుకుంటరా? గట్లనే దాన్ని రాసుడు మర్చిన.

పట్టికల అమాసకు ఒక గడి పెడ్త అంటే పెద్దసారు నవ్విండు. "చంద్రున్ని చూసి ప్రోగ్రాము రాస్తమా?"

"ఆదివారం చూసి రాస్తలేమా సార్?" అన్న. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటరు, సారు కాసేపు ముడుచుకున్నడు గని ఒప్పుకున్నడు.

అమాస గడి పెట్టినంక ఒక కొత్త సంగతి బయటపడ్డది. దాని ఎనక వచ్చిన అమాసకు, మగ్గాలన్ని ఆగిన రోజే ఒక్క మగ్గం మీద నేసినట్టు లెక్క వచ్చింది. పొంతన కుదరని లెక్కలను వేరే పక్కకు తీసి, సదరు మనిషికి ఫోన్ చేసి అడిగి సరిచెయ్యాలె. ఆ పని చేసే పిలగాడు కొలువు మానేసి పోయిండు, జాగ ఖాళీగ ఉన్నది. దిక్కులేని పనులన్ని నా నెత్తి మీదికే వస్తయి. అమాస తెల్లారి నేనే ఫోన్ చేసిన.

ఒక ముసలామె ఎత్తింది. "అవ్వా, కంపెనీ నుంచి. నిన్న నేసినట్టు ఒత్తిన్రు, నేసిన్రా?"

"రామ రామ! అమాస నాడు మగ్గం ముడ్తనా? ఏలు జారింది బిడ్డా."

"అయితే తీసేస్తున్న" అని ఫోన్ పెట్టెయ్యబోయిన.

"తిన్నవా బిడ్డా?" అన్నది.

ఆ మాట నన్నడిగి ఎన్నొద్దులైందో!  తినకున్నా తిన్న అన్న. ఏం కూర అన్నది. లేని కూర ఏదో చెప్పిన. అండ్ల చింతకాయ తొక్కు కలుపుకోవాలె అన్నది. తొక్కు ఎట్ల నూరాల్నో చెప్పింది. మాది ఏ ఊరని అడిగింది, మా దిక్కు వానలు పడ్డయా అని అడిగింది. నేను సుత సాలోళ్ల పిల్లనే అని తెలిసి, "మరి మగ్గం ఇడిచిపెట్టి గా ఫోన్లు చేసుడేంది?" అని ఎక్కిరిచ్చింది. ఆ పూట నా మూల గది పెద్దగైనట్టు అనిపించింది.

మరుసటి అమాసకు మళ్ల అదే మగ్గం. మళ్ల ఏలు జారిందన్నది. ఆ పై అమాసకు మళ్ల. నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. కని వచ్చిన అనుమానాన్ని పక్కన పెట్టిన. అమాస తెల్లారి నేను జర తొందరగ ఆఫీసుకు పోయి, చాయ్ తెచ్చుకోని, తలుపు దగ్గరేసుకోని ఫోన్ చేసేదాన్ని. ఆ నెలల నాకేమైందో అన్ని ఆమెకే చెప్పేది. జరమొస్తే చెప్పిన. ఓనరమ్మ కిరాయి పెంచుతానంటే చెప్పిన. "గామెకు నోరెక్కువ, నువ్వు నోరు చెయ్యకు" అన్నది. నిజం చెప్పాల్నంటే ఆ ఏలు జారాల్నని నేనే ఎదురు చూసేది.

ఇగ ఆ ముచ్చట ఎక్కువ రోజులు సాగలే. పై ఆఫీసుల కొత్త కాయిదా పెట్టిన్రు. మాటిమాటికి తప్పు లెక్కలు పంపే మగ్గాలకు నూలు ఇచ్చుడు బందు. అసొంటి మగ్గాలను ఎంచి చూపే తెర ఎవలు చెయ్యాలె? నేనే. చేసి తెరిస్తే అందరికన్న పైన అవ్వ మగ్గమే ఉన్నది.

పెద్దసారు కాడికి పోయిన. "ముసలామె సార్. ఫోన్ల ఒత్తుడు రాదు. ఏలు జారుతది."

ఆయన తెర దిక్కు చూసి, నా దిక్కు చూసిండు. "ప్రతి అమాసకే జారుతదా ఏలు?"

  "ఇంకొక్క నెల చూడున్రి సార్" అని బతిమాలిన. "ఒక్కటే నెల. మళ్ల వస్తే నూలు ఆగుతది" అన్నడు.

ఈ మాట ఫోన్ల చెప్పబుద్ధి కాలే. తెల్లారి సెలవు పెట్టి బస్సెక్కిన. మహబూబ్‌నగర్ల బస్సు మారి నారాయణపేటల దిగేసరికి ఎండ మాడుతాంది. అడుగుకుంట అడుగుకుంట ఇల్లు పట్టుకున్న. ఒకటే అర్ర. సగం అర్ర మగ్గానిదే. మగ్గం కింది గుంటల కాళ్లు పెట్టి కూసోని నేస్తున్నది, బక్కపలచని మనిషి. నేను "అవ్వా" అన్ననో లేదో, పోగుల నడుమ ఉరికే నాడె ఆగింది.

"నువ్వు నా ఫోను పిల్లవు గదనే!"

లేచి వచ్చి రెండు చేతుల్తోని నా మొఖం తడిమింది. జొన్నరొట్టె, పల్లీల తొక్కు పెట్టింది. పిల్లలు కాలేదట. మొగడు పోయి మస్తు ఏండ్లైందట. ఇన్ని నెలలు ముచ్చట పెట్టినం గని ఈ సంగతి ఆమె చెప్పలే, నేను అడగలే.

తిన్నంక చెప్పిన. "అవ్వా, ఇగ అమాస నాడు లెక్క ఒత్తకు. ఒత్తితే నూలు బందు పెడ్తరు."

ఆమె గిన్నె కడుగుతున్నది. చెయ్యి ఆగింది. "నూలు బందైతే నేనేం తినాలె?"

"అందుకే పడుకుంట లేసుకుంట వచ్చిన. ఏలు జర పైలం."

"ఏలు జారలే బిడ్డా" అన్నది. నా దిక్కు చూడలే. "మొదటిసారి నిజంగనే జారింది. తెల్లారి నువ్వు ఫోన్ చేసినవు. ఏం కూర తిన్నవో చెప్పినవు. తెల్లారంగ మళ్ల చేస్తవేమో అని ఫోను పక్కకే పెట్టుకున్న. చెయ్యలే. మళ్ల అమాసొచ్చింది. వాడకట్టుల అందరి ఇండ్లల్ల అందరుంటరు గద ఆ పొద్దు. నా ఇంట్ల దినాం మగ్గం సప్పుడన్న ఉంటది, అమాస నాడు గది సుత ఉండదు. తప్పు లేకుంటే మీ ఆఫీసోళ్లు ఫోన్ చెయ్యరు గద? అందుకే ఒత్తిన."

నాకు కోపం, దుఃఖం రెండు ఒక్కసారే వచ్చినయి. కోపం ఆమె మీద గాదు. ఎవల మీదనో నాకే తెల్వదు. "తప్పు లేకున్నా చేస్తనవ్వా" అన్న.

"గట్లనే అంటరు బిడ్డా. పని లేంది ఎవలు చేస్తరు?" అని నవ్వింది. నన్ను నమ్మలే. ఆమెననేది ఏమున్నది, నేనే నన్ను నమ్మలే. పని లేకుండ ఒకలకు ఫోన్ చేసుడు నేను ఎన్నడో మర్చిపోయిన.

బస్సుల వచ్చేటప్పుడు ఒకటే ఫికర్. ఒక్క ఏలు, ఒక్క ఒత్తుడు, బతుకంత పోతది. ఆపుకుంటదా ఆమె? నేనైతే ఆపుకుందునా?

అమాస వచ్చింది, పోయింది. తెల్లారి పొద్దుగాలనే ఆఫీసుల కూసున్న. చాయ్ అయినంకనే పొంతన లేని లెక్కల తెర తీసిన. ఖాళీ. నారాయణపేటల ఒక్క తప్పు లేదు. పెద్దసారు వచ్చి నా ఎనకాల నిలబడి చూసి, మస్తు ఖుషీ అయిండు. బాలుషాలు తెప్పిచ్చిండు. "ఇగ ఆ ఫోన్లు చేసే పని లేదమ్మా నీకు. టైము మిగిలింది" అన్నడు. మిఠాయికి జమైన ఆఫీసోళ్లందరు చప్పట్లు కొట్టిన్రు. నేను సుత కొట్టిన. ఆ ఖాళీ తెరను చూస్తుంటే నాకు అమాస పొద్దంత ఫోను ముట్టకుండ, చేతులు కట్టుకోని కూసున్న అవ్వనే కనవడ్డది.

బాలుషా చేతుల పట్టుకోని బయటికి వచ్చిన. చీరలు ఎక్కించే వ్యాన్ల పక్కపొంటి నడిచి, గోడ నీడకు నిలబడి ఫోన్ చేసిన. మొదటి రింగుకే ఎత్తింది.

"నేనేం ఒత్తలే బిడ్డా!" గాబరగ అన్నది. "నీ మీద ఒట్టు, నిన్న ఫోను ముట్టనే లేదు. ఏం తప్పొచ్చింది? నూలు బందు పెడ్తున్నరా?"

"ఏం తప్పు రాలేదవ్వా."

"మరి ఎందుకు చేసినవు?"

"ఉట్టిగనే."

   ఫోన్ల పక్కిండ్లల్ల మగ్గాల సప్పుడు ఇనవస్తాంది.

"ఉట్టిగనేనా?" అన్నది.

"ఉట్టిగనే అవ్వా. తిన్నవా?"

తిన్ననో లేదో చెప్పలే. గుంటలకెళ్లి లేచినట్టున్నది, అడుగుల సప్పుడైంది, తలుపు కిర్రుమన్నది. ఫోను చేతులనే ఉన్నదని మర్చినట్టుంది. ఆమె గొంతు జర దూరం నుంచి ఇనవడ్డది, గట్టిగ, వాడకట్టంత ఇనేటట్టు.

"ఓ వదినా! మా ఫోను పిల్ల చేసిందే! ఏం పని లేదట, ఏం తప్పు లేదట! ఉట్టిగనే చేసిందట!"

మగ్గాలు ఒకటెనక ఒకటి ఆగినయి. ఎవలో ఏదో అడుగుతున్నరు. అవ్వ మళ్ల మొదలుకెళ్లి చెప్తున్నది. నేను ఫోను పెట్టెయ్యలే. గోడకు ఒరిగి ఇనుకుంట నిలబడ్డ.