కుండీలో తెల్ల గుళికలు

ఇండియా నుంచి తిరిగొచ్చి మందారాన్ని చూడగానే నాకు తేడా కొట్టింది. కుండీ నాదే, మట్టి నాది కాదు. టీ పిప్పి వేసి పెంచిన నా నల్లమట్టిలోకి, షాపు మట్టిలో ఉండే తెల్ల గుళికలు ఎలా వచ్చాయి?

న్యూజెర్సీలో మేముండే పిస్కాటవే చలికి మందారం బయట బతకదు. ఏటా చలికాలం దాన్ని కిటికీ పక్కకు చేర్చి, నీళ్లు తగ్గించి, ఆకుల వెనక తెల్లదోమను సబ్బునీళ్లతో తుడిచి కాపాడుకొచ్చాను. 2008 డిసెంబరులో ప్రయాణం హడావుడిలో ఉండి, మొక్కను స్నేహితురాలింట్లో దింపి రమ్మని మా ఆయనకు చెప్పాను. నా కాన్పుకు ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి ఆమె. ఈ ఊళ్లో నాకున్న ఒకే ఒక్క ఆప్తురాలు. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా?

"బాగా చూసుకున్నావే," అన్నాను ఆమెతో వెటకారంగా.

"ఏదో, వాటర్ పోశానంతే అక్కా," అని మాట మార్చేసింది.

నా మొక్కను చంపేసి, కొత్తది కొని అంటగట్టిందని ఖాయం చేసుకున్నాను. మార్చిలో కొమ్మలు కత్తిరిస్తూ, అంతకుముందు విరిగితే నేను దారంతో కట్టి అతికించిన కొమ్మ కోసం వెతికాను. అతుకు దగ్గర ఉండాల్సిన బుడిపె ఎక్కడా లేదు. ఒళ్లు మండిపోయింది. ఆమె ఫోన్లు ఎత్తడం మానేశాను. శ్రావణ శుక్రవారం పేరంటానికి అందరినీ పిలిచి, ఆమెను మాత్రం వదిలేశాను.

ఆ వారమే ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర ఎదురుపడింది.

"అది నా మొక్క కాదు," అనేశాను, పలకరింపు కూడా లేకుండా.

బండి తోస్తున్న మా ఆయన బియ్యం బస్తాల వైపు తిరిగిపోయారు.

"కాదక్కా," అందామె మెల్లగా. "బావగారు కార్‌లోనే మర్చిపోయారంట. తెల్లారేసరికి ఫ్రీజ్ అయిపోయింది. కొత్తది తెచ్చి అదే కుండీలో పెట్టారు. మీకు చెప్పొద్దన్నారు."

"మరి నేను మాట్లాడ్డం మానేసినా చెప్పలేదేం?"

"చెప్తే బావగార్ని వదిలిపెడతారా మీరు? నా మీదైతే కోపం కొన్నాళ్లకి పోతుందిలే అనుకున్నా."

నా అనుమానపు బుద్ధి ఎవరికీ కనబడదని అనుకునేదాన్ని. ఆమెకు మొదటినుంచీ తెలుసు. తెలిసే నాకు తోడుగా ఉంది. కరివేపాకు ప్యాకెట్ చేతిలో పట్టుకుని, అంతమంది మధ్య ఏడ్చేశాను.