కాకి ముక్కున ఎర్ర రంగు

పై వాటాలో ఉండే ఫోటోల బావగారు మెడలో కెమెరా లేకుండా పాల ప్యాకెట్టుకైనా కిందికి దిగరు. ఏ ఫోటో తీసినా ఒక కన్ను మూసుకుని, నోరు మాత్రం బార్లా తెరుస్తారు. అడవి జీవుల ఫోటోల పోటీకి ఆ సాయంత్రంలోగా ఒక్కటే పంపాలి. ఆయనది కాకి ఫోటో. వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. అడవిలో చెట్టెక్కి, చీమలు కుడుతున్నా కదలకుండా తీశానని వాటావాటాకీ చెప్పారు. ఆ ఫోటోనే రంగుదొక చేతిలో, నలుపు తెలుపుదొక చేతిలో పట్టుకుని మెట్ల మీద వచ్చేపోయేవాళ్లను ఆపుతున్నారు.

"నల్ల కాకికి రంగెందుకండీ? నలుపు తెలుపులో ముక్కున పురుగు ఎంత బాగా పడిందో చూడండి!"

రంగుదాంట్లో మాత్రం ఆ ముక్కు మీద నుంచి ఆయన బొటనవేలు కదలడం లేదు. డాబా మీద బట్టలు ఆరేసి వస్తున్న అక్కయ్యగారు మొగుడి వేలు పట్టుకుని పక్కకు లాగారు.

"ఇదా పురుగు? డాబా మీద పోయిన నా ఎర్ర క్లిప్పు! మీరు అడవికెప్పుడు వెళ్లారండీ?"

"అసలు రంగు బయటపడిందే, బావగారూ!" అంది కింది వాటా పిన్ని.

"అందుకేగా నలుపు తెలుపుది పంపుతానన్నది!" అని గొణిగారాయన.

అదే పంపారు కూడా. రంగుదాన్ని అక్కయ్యగారు, కాకి చూసి సిగ్గుపడాలని, డాబా మీద తీగకు తగిలించారు. మర్నాడు కాకి వచ్చి దాన్నీ ఎత్తుకుపోయింది. బావగారు ఒక కన్ను మూసుకుని, నోరు బార్లా తెరిచి, అది కూడా ఫోటో తీశారు.