కారుకు కచ్చురం గూడు

కొత్త పెళ్లాన్ని, పాత కారును ఒకే తడక కింద మూసి, పైనుంచి సారె గంపతో బిరడా బిగించి, ఎండలో ఊరేగించిన మొగుడు ఈ తాలూకాలో నేనొక్కడినే. రెండోవాడు ఉంటే వచ్చి నా పక్కన కూచోమనండి, ఇద్దరం కలిసి తలలు పట్టుకుందాం. అక్షరాలు నాకు తల నెరిసినాక అబ్బినయి, అందుకే ఈ భాగోతం ఇన్నేండ్లకు కాగితం ఎక్కుతున్నది. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి. ముందు ముందు ఊపిరాడదు. ఆ రోజు నాకూ ఆడలేదు.

నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులు. పెట్రోలంతా లడాయికి పోతున్నదని చెప్పుకునేవాళ్లు. హైదరాబాదు నుంచి ఒక నవాబుగారి కొడుకు మా దిక్కు జింకల వేటకు వచ్చాడు. వచ్చింది ఒక చిన్న కారులో. ఎంత చిన్నదంటే, మా బర్రె పక్కన నిలబెడితే బర్రె ఈనిందేమో అనుకోవాలి. ఎర్ర రంగు, పొడుగు మూతి, మోకాలెత్తు తలుపులు, ఇద్దరికే సీట్లు, వెనక ఒక చక్రం కట్టి ఉంది, నెత్తిన ఏమీ లేదు. ఒకప్పుడు మడిచిపెట్టే గుడ్డకప్పు ఉండేదట, అది పీలికలైపోయింది.

ఒక్క వాన పడింది. మా నల్లరేగడిలో కారు కడుపుదాకా దిగింది. ఎడ్లు కట్టి లాగితే కారైతే బయటికి వచ్చింది కాని, నవాబుగారి కొడుకు మనసు ఆ బురదలోనే ఉండిపోయింది. మా దొడ్లో ఉన్న ఆడగుర్రాన్ని చూశాడు. మా నాయన బతికుండగా తెచ్చిన గుర్రం. అది నాకిచ్చి ఇది నువ్వు తీసుకో అన్నాడు. ఇంకొకడైతే ఆలోచించి చెప్తాననేవాడు. నాకు ఆలోచన రాలేదు, దురద వచ్చింది. ఆ పొడుగు మూతి లోపల ఏముందో చూడాలన్న దురద. సరే అనే మాట ఆయన నోరు మూసేలోగానే నా నోట్లోంచి వచ్చేసింది.

నన్ను కన్న అవ్వ వాకిట్లోకి వచ్చి గుర్రం లేని గుంజను చూసింది, కారును చూసింది, నన్ను చూసింది.

"పిల్లలు పెట్టే జీవాన్నిచ్చి, పెట్టని డబ్బను తెచ్చినవా?"

ఆమె అడిగిందాంట్లో తప్పు లేదు. అయినా నేను వినే స్థితిలో లేను. నవాబుగారి డ్రైవరు ఒక్క సాయంత్రం కూచోబెట్టి నడపడం నేర్పిపోయాడు. కింద మూడు తొక్కుడు బిళ్లలు ఉన్నాయి, మనిషికి కాళ్లు రెండే. రెండో సీటు మూడో కాలు కోసం పెట్టారేమో అని చాలా రోజులు నమ్మాను.

ఆ కారును నేను నడిపినదానికన్నా విప్పింది ఎక్కువ. పొద్దున లేస్తే మూత ఎత్తి తల దూర్చేవాణ్ని. ఈ గొట్టం ఎటు పోతుంది, ఈ తీగ దేన్ని గిల్లుతుంది, నీళ్లు తాగిన బండి పొగెందుకు కక్కుతుంది, ఇవే నా పూజలు. ఇరుసులకు దాని నూనె దొరకక ఆముదం పోశాను. ఆ దినం నుంచి కారు ఊళ్లోంచి పోతే, ఊరంతా తలంట్లు పోసుకున్న వాసన. ట్యూబు పగిలితే టైరులో వరిగడ్డి కుక్కాను. పీపీ మూగబోతే ఎడ్ల మువ్వల పట్టెడ తెచ్చి మూతికి కట్టాను. మూత ఎగిరిపడకుండా బిగించే తోలుపట్టా తెగితే ఎద్దు పగ్గం వేశాను. చూసినవాళ్లందరూ ఒక్కటే అడిగేవాళ్లు, ఇద్దరికే బండి చేసినోడికి పిల్లలు లేరా అని. నాకూ ఇంకా పిల్లలు లేరు. అసలు పెళ్లామే ఇంట్లో లేదు.

ఇప్పుడు ఆ సంగతికి వస్తాను. నా పెళ్లాం పేరు శివమ్మ, పుట్టిల్లు మనూరు. పెళ్లయినాక మా ఇంటికి ఒకసారి వచ్చి పోయింది. గూడు కట్టిన ఎడ్లబండి, మేము కచ్చురం అంటాం, దాంట్లో వచ్చింది, దాంట్లోనే పోయింది. మళ్లీ కచ్చురం పంపితే కడుపునొప్పి అన్నది. ఇంకోసారి పంపితే తలనొప్పి అన్నది. మూడోసారి ఏ నొప్పీ అనలేదు, రానని చెప్పింది. ఊళ్లో నా వెనక గుసగుసలు మొదలైనాయి. అవ్వకు అన్నం దిగడం లేదు. ఈసారి కూడా రాకపోతే పెద్దమనుషులను కూచోబెట్టి తెగతెంపులేనని మా కులంవాళ్లు చెప్పేశారు. నేను కారు కింద దూరి ఏడ్చేవాణ్ని. ఆముదం కళ్లలో పడిందని చెప్పేవాణ్ని.

అప్పుడు మా మామ దగ్గరినుంచి కబురు వచ్చింది. అల్లుడు మోటరు తెస్తే పిల్ల వస్తానంటున్నది, తెమ్మను. అంతే కబురు.

నేను గాలిలో తేలుతుంటే అవ్వ నేలకు దింపింది. మనూరు నుంచి మన ఖేడ్ దాకా దారిలో ఎన్ని ఊళ్లున్నాయో లెక్కపెట్టుకో అన్నది. ఇంటి కోడలు నెత్తిన నీడ లేకుండా, కుండమీద కుండలాగా అందరికీ కనబడుతూ వస్తుందా, పైన గూడు కట్టించుకొని పో, లేకపోతే పోకు అన్నది.

మా వాడలో కచ్చురాలు కట్టేవాడు వడ్ల వీరన్న. తన చేత్తో కట్టిన గూడు ఆయనకన్నా ఎక్కువ కాలం బతకాలని పంతం పట్టినవాడు. కారు చుట్టూ తిరిగి, వెదురు బద్దలు వంచి, ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎక్కేది ఎక్కడికెంచి పటేలా?"

"కచ్చురం ఎక్కడికెంచి ఎక్కుతరు?"

"ఎనుకకెంచి."

"మరి గట్లనే పెట్టు."

ఇద్దరం తెలివైనవాళ్లమే. పుట్టినప్పటినుంచి గూడు కట్టిన ప్రతి బండినీ వెనకనుంచి ఎక్కినవాళ్లం. తలుపులు రెండు పక్కల ఉన్నాయన్న సంగతి మా కండ్ల ముందే ఉంది. వాటి మీదుగానే తడక దించి, కిందిదాకా తోలువార్లతో బిగించాడు వీరన్న. ముందర అద్దం చట్రానికి కూడా గూటిని కుట్టేశాడు. వెనక, కట్టి ఉన్న ఆ చక్రం మీద, మనిషి పాకేంత సందు వదిలాడు. నేను మెచ్చుకొని కల్లు పోయించాను.

మనూరులో మా మామ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఎడ్లేవి అల్లుడా?" అన్నాడు. నేను మువ్వలు గలగలలాడించి చూపించాను. ఇంతలో శివమ్మ బయటికి వచ్చింది. గూటిని చూసి అక్కడే ఆగిపోయింది. ముఖంలో ఏదో ఆరిపోయినట్టయింది. సిగ్గనుకున్నాను. తనకు అర్థం కానిదాన్నంతా మగవాడు సిగ్గు కింద జమకట్టుకుంటాడు. ఒడిబియ్యం పోశారు, ఆడవాళ్లు కండ్లు తుడుచుకున్నారు, పీట వేస్తే ఆమె చక్రం ఎక్కి సందులోంచి లోపలికి పాకింది. నేను ముందర కడ్డీ పెట్టి తిప్పి ఇంజను లేపి, ఆ కడ్డీ చేత్తో పట్టుకొని, ఆమె వెనకాలే పిల్లిలాగా దూరాను. దూరుతుంటే నా మోచేయి ఆమె ముక్కుకు తగిలింది. మా కాపురంలో అదే మొదటి ముచ్చట.

మా దిక్కు ఆడపిల్ల బండెక్కి కూచున్నాక సారె కడతారు, బండి వెనకనే కడతారు. సకినాలు, లడ్డూలు, భక్షాలు నింపిన గంప, దాని మీద బట్టల సందుగ. మా మామ వాటిని ఆ సందు మీదనే పెట్టి, పేనిన తాళ్లతో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు బిగించాడు.

"గట్టిగ కట్టిన అల్లుడా. దేవుడు దిగొచ్చినా ఊడదు" అన్నాడు బయటినుంచి.

ఊడలేదు.

ఊరు దాటినాక బండ్ల బాట. బండి చక్రాలు తొక్కితొక్కి రెండు పక్కల లోతు గాళ్లు పడతాయి, నడుమ మట్టి గట్టులాగా మిగులుతుంది. పెద్ద చక్రాల బండికి అది బాట. మోకాలెత్తు కారుకు అది కొండ. కొంతదూరం ఒక చక్రం గాడిలో, ఒక చక్రం గట్టుమీద పెట్టుకొని కుంటుకుంటూ నడిపాను. తర్వాత కారు ఆ గట్టుమీద కడుపు ఆనించి పడుకుంది. చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి, మేము తిరగడం లేదు. మూతిలోంచి ఆవిరి లేచి గూటిలోకే వచ్చింది. ఇడ్లీలను ఎప్పుడన్నా జాలితో చూశారా మీరు? నేను ఆ రోజు నుంచి చూస్తున్నాను.

దిగి చూస్తానన్నాను. కుడిపక్క తడక. ఎడమపక్క తడక. ముందర అద్దం, దాని చుట్టూ వీరన్న తోలువార్లు. వెనక మా మామ ప్రేమ. అప్పుడు తెలిసింది నాకు నేను చేయించిన పని ఏమిటో.

శివమ్మ మెల్లగా అడిగింది.

"మోటరుకు కప్పుండదు అన్నరు కద?"

"ఉండదు. నీకోసమని కట్టించిన."

"నేనడిగిన్నా?"

"మా అవ్వ..."

"నాయిన మీకు చెప్పలేదా? కప్పులేని మోటరైతెనే వస్తనని చెప్పుమన్న."

చెప్పలేదు. మా మామకు మోటరన్న మాట ముఖ్యమనిపించింది, మిగతాది ఆడపిల్ల మాట అనిపించింది. ఆమె అద్దంలోంచి కనబడే జానెడు బాట దిక్కు చూస్తూ అన్నది:

"కచ్చురంల వచ్చిన, కచ్చురంల పోయిన. లోపట మూటలెక్క కూసుంటె కడుపుల తిప్పుడు తప్ప ఏం కనబడలే. మా ఊరికి మీ ఊరికి నడుమ ఏముంటదో నాకింకా తెల్వదు. గీ గూడు తియ్యి, వస్త. తియ్యకుంటె నన్ను మళ్ల మనూర్ల దించు."

నేను ఆరు నెలలుగా ఆ కారు మూతి లోపల ఏముందో చూడాలని తల దూర్చుకుంటున్నవాణ్ని. ఆమె అంతే ఆశగా గూడు బయట ఏముందో చూడాలని కూచున్నది. ఆ సంగతి అప్పుడు తట్టింది. తట్టి లాభమేముంది, దిగడానికి దారి లేదు.

అదే అదనులో కంగ్టి దిక్కునుంచి అంగడికి పోయే ఎడ్లబండి ఒకటి వచ్చి మా వెనక ఆగింది. బండాయన దిగి వచ్చి తడక మీద కొట్టి, లోపల ఎవరని కన్నడంలో అడిగాడు.

"ఏనప్పా, ఒళగ యారు?"

లోపల మొగుడు పెళ్లాం ఉన్నామని చెప్పాను. ఎడ్లు తెంచుకొని పోయినయా అని అడిగాడు. దీనికి ఎడ్లుండవన్నాను. ఎడ్లు లేకుండా కచ్చురంలో ఎక్కి కూచున్నదెందుకని అడిగాడు. ఆ మాటకు శివమ్మ నవ్వింది, నేను విన్న మొదటి నవ్వు. అన్నా, వెనక గంప విప్పు, బయటికొస్తామని బతిమాలాను. ఆయన వెనక్కి పోయి చూసి వచ్చాడు.

"అది సారె గంప. అత్తింటి గడప సూడకముందే సారె ముడి ఇప్పుతరా ఎవరన్న? ఆ పాపం నాకొద్దు. కావాలంటె లాగుత."

చెప్పినట్టే తన బండిని పక్కనుంచి ముందుకు తెచ్చి, దానికి మా కారును మోకుతో కట్టాడు. అంత మంచివాడు, అంత పట్టుదలవాడు మళ్లీ నాకు కనబడలేదు.

శివమ్మ నా కాళ్లకాడ ఉన్న ఇనుపకడ్డీని తీసింది.

"గిదేంది?"

"ఇంజను లేపే కడ్డీ."

"గూడు లేపుతదా?"

నా జవాబు కోసం ఆగలేదు. సీటుమీద నిలబడి కడ్డీతో పొడిచింది. వీరన్న పనితనానికి కొంతసేపు చెమటలు పట్టినాయి ఆమెకు. తర్వాత వెదురు బద్ద ఒకటి విరిగింది, దాని వెనక ఇంకొకటి. వెలుతురు పడింది. శివమ్మ తల బయటికి పోయింది, భుజాలు పోయినాయి, నాకు మోకాళ్లు, మట్టెలు మాత్రమే మిగిలినాయి.

కారు కడుపు గట్టుమీదినుంచి లేచింది. ఎడ్లు లాగుతున్నాయి, నేను చక్రం తిప్పుతున్నాను, పైన ఆమె ప్రశ్నలు మొదలైనాయి. గది కంది చేనా, జొన్న చేనా? గా గుట్టకు పేరేంది? గా ఊరు ఎవరిది? బండాయన ముందునుంచి అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్తున్నాడు. నేను లోపలినుంచి చెప్పబోతే, పైనుంచి చూస్తున్నదాన్ని నేను, లోపలున్న నీకెట్ల కనబడతదని అడిగింది. నిజమే, నాకు కనబడేది ఎడ్లబండి వెనక చెక్క.

ఖేడ్‌లో ఆ రోజు అంగడి. మా అవ్వ ఏ ముఖాన్ని ఎవరూ చూడొద్దన్నదో, ఆ ముఖాన్ని గూటిలోంచి పొడుచుకొచ్చిన మొలకలాగా తాలూకా అంతా చూసింది. మిరపకాయల కుప్పలవాళ్లు లేచి నిలబడ్డారు. శివమ్మ తల దించలేదు. ఆమె కూడా వాళ్లందరినీ తీరికగా చూసింది.

ఇంటిముందర అవ్వ హారతి పళ్లెం పట్టుకొని నిలబడి ఉంది. కోడలు కుడికాలు ముందు పెట్టి దిగాలని గొంతెత్తి చెప్పింది. శివమ్మ గూటి కంతలోంచి పైకి లేచి, అద్దం దాటి, కారు మూతి మీద పాదం పెట్టింది. ఎండకు ఆ రేకు రొట్టెల పెనంలాగా కాలి ఉంది. పాదం ఆనీ ఆనకముందే ఎగిరి గడపముందర దూకింది. రెండు కాళ్లు ఒక్కసారే నేల తాకినాయి.

ఇది అపశకునమా, కాదా అని అందరూ అవ్వ ముఖం దిక్కు చూస్తున్నారు. నేను అద్దంలోంచి చూస్తున్నాను. అవ్వ కోడలి పాదాలను కాసేపు చూసి పళ్లెం ఎత్తింది.

"ఒక కాలు పెట్టుమంటె రెండు కాళ్లు పెట్టింది. ఇగ ఇది వాపస్ పోదు."

"పోను అత్తా" అన్నది శివమ్మ. "గూడు కడితె పోత."

నవ్వుకుంటూ అందరూ ఆమెను తీసుకొని లోపలికి పోయినారు. బండాయన కూడా అన్నం తినడానికి పోయాడు. సారె గంప మాత్రం ఎవరికీ యాదికి రాలేదు, దాని వెనక నేనున్నానన్న సంగతి అసలే రాలేదు. శివమ్మ దూరిన కంతలో నా భుజాలు పట్టలేదు, పిలిచాను. లోపల మంగళహారతులు పాడుతున్నారు. ఆముదం వాసనలో, విరిగిన బద్దల నడుమ కూచొని, మా ఇంటి దేవుడి మీద ఒట్టేసి ప్రమాణం చేసుకున్నాను, ఇప్పటిదాకా తప్పలేదు: ఇకమీదట నా ఇంటి ఆడమనిషి కూచునే దేనికీ, ఆమెను అడగకుండా మూత పెట్టను. ఎప్పుడన్నా పెట్టవలసి వస్తే, నేను బయట నిలబడి పెడతాను.